తోపుదాని తల మీద కాలు

రాత 1

నన్ను ఎప్పుడు తీసేస్తారో అన్న భయం నన్ను గీసిన నాటి నుంచీ ఉంది. అందుకే వెనక గోడ మీద ఈ రాతలు మొదలుపెట్టాను. నా తర్వాత ఈ అరుగు మీదికి ఎవరిని తెచ్చి నిలబెట్టినా, వాళ్ళకి ఇక్కడి సంగతులు కొన్నయినా తెలియాలి కదా.

నా పేరు తవిటమ్మ. నేను తోపుదాన్ని. మెట్టసీమ అనే ఆటలో నడిమి అరుగు నాది. నా వెనక గోడ. నా ముందు రాయి. రాయి అవతల కాస్త జాగా, ఆ తర్వాత గొయ్యి, గొయ్యి దాటితే తలుపు. దూకేవాడు కింది అరుగులన్నీ దాటుకుని, తాడు పట్టుకుని ఊగి, గోతి అంచున వాలతాడు. వాలగానే రాయిని వాడి మీదికి తొయ్యడం నా పని. తెలివి తక్కువవాడైతే రాయితో పాటు గోతిలో పడతాడు. తెలివైనవాడైతే చటుక్కున రాయి మీదికి ఎగురుతాడు. నేను తోపు మొదలుపెడితే ఆగలేను కదా, రాయి వెళ్ళి గోతిలో పడుతుంది. వాడు దాన్నే మెట్టు చేసుకుని తలుపులోకి పోతాడు. పోయేముందు సరదాకి వెనక్కి ఎగిరి నా నెత్తి మీద ఒక తొక్కు తొక్కి పోయేవాళ్ళూ ఉన్నారు.

తొక్కితే అప్పడంలా అయిపోతాం. ఆట మళ్ళీ మొదలవగానే ఎవరి చోట వాళ్ళం లేస్తాం. గోతిలో పడ్డ రాయి కూడా లేస్తుంది. అది లేచిందో లేదో చేత్తో తడిమి చూసుకునే దాకా నాకు మనసు మనసులో ఉండదు.

మమ్మల్ని తయారుచేసినవాళ్ళని పైవాళ్ళంటాం. వాళ్ళు మమ్మల్ని శత్రువులు అని రాసుకున్నారట. మేం ఇరుగుపొరుగు అనుకుంటాం. నాకు చదువు లేదు. దూకేవాడి కోసం పెట్టిన పలకల మీద 'ఇక్కడ దూకుము', 'గొయ్యి కలదు' అని ఉంటే, అవి చూసీ చూసీ అక్షరాలు పట్టుకున్నాను.

దూకేవాణ్ణి మా వాళ్ళందరూ అల్లుడంటారు. వస్తాడు, చెట్టు మీద పండు ఒకటి మిగల్చడు, అందరి నెత్తులూ తొక్కుతాడు, చెప్పకుండా పోతాడు. ఇంకేమంటాం? రూపం ఒకటే గానీ లోపల ఉండి ఆడించే మనిషి వేరు వేరు. నడకలో తెలిసిపోతుంది.

నాకో తమ్ముడున్నాడు. బంగారి. కింది అరుగు మీద ఉంటాడు. పైవాళ్ళు ఒక గుండ్రం గీసి, దానికి చేతులు పెట్టి నన్నూ, కాళ్ళు పెట్టి వాణ్ణీ చేశారు. అందుకని అప్పాతమ్ముళ్ళం అయ్యాం. వాడిది రోకలిబండ పురుగు లాంటి ఒళ్ళు. కింద బోలెడు కాళ్ళు, వీపంతా పెంకు. ఆట నడిచినంతసేపూ మోగే పాట రెండో చరణం అందుకుందంటే భయంతో ఉండ చుట్టుకుపోతాడు. ఆ భయం గుండ్రంలోనే ఉన్నట్టుంది, నాకూ వచ్చింది.

రాత 2

మార్పు వచ్చింది. పైవాళ్ళు ఆటని దిద్దితే దాన్ని మార్పంటాం. మార్పు వచ్చేముందు లోకమంతా ఒక్కసారి నల్లబడుతుంది. వెలుగు రాగానే అలవాటు కొద్దీ రాయి కోసం చేతులు చాచాను. గరుకుగా, వెచ్చగా ఏదో తగిలింది. రాయి వెచ్చగా ఉండదే!

"అప్పా, నువ్వేనేటి?" అంది ఆ ఉండ.

"ఒరే బంగారీ! నువ్విక్కడికెలగ వొచ్చినావు? నా రాయేదిరా?"

"నాకేటి తెలుసప్పా? కళ్ళు తెరిసీసరికి ఇక్కడున్నాను. నీ రాయిని నాను తియ్యనేదు, ఒట్టు."

అంతలో టప్పుమని పలక పడింది. మార్పు వచ్చినప్పుడల్లా ప్రతి అరుగు మీదా పలక పడుతుంది. నేను ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ పైకి చదివాను.

'రాళ్ళు తీసివేయబడినవి. తోపువారు ఇకపై చుట్టుకొన్నవారిని తోయవలెను. గోతిలో పడినవారు తిరిగి లేవరు. వారి స్థానమున కింది అరుగు నుండి మరియొకరు వచ్చెదరు.'

మళ్ళీ చదివాను. నాకు చదవడం సరిగ్గా రాదు, ఎక్కడో తప్పు చదివానని ఆశ. మూడోసారి చదువుతుంటే పైకప్పుకి తలకిందులుగా వేలాడే గబ్బిలం సన్నాసి అందుకున్నాడు. వాడు అన్ని అరుగులూ తిరిగి వార్తలు మోస్తాడు.

"ఎన్నిసార్లు సదివినా అదే పిన్నీ. రాళ్ళు సానా బరువంట. ఆట నత్తలాగ నడుస్తందని అల్లుళ్ళందరూ గోల. సుట్టుకునేటోళ్ళయితే తేలికంట."

"తేలికేటిరా? నా తమ్ముడు నీకు తేలికా?"

"నానన్నానేటి? పైనోళ్ళన్నారు. నా మీదెందుకు ఎగురుతావు?"

బంగారి కాళ్ళన్నీ ఒకటే వణుకు. చాపని దులిపినట్టు చప్పుడు. "లేవరంటే ఏటప్పా? మళ్ళీ ఆటకి కూడా లేవరా?" అని అడిగాడు.

గోతి వైపు చూశాను. ఇన్నాళ్ళూ నా రాయి పోయి పోయి వచ్చిన గొయ్యే. ఎంత లోతో ఎప్పుడూ పట్టించుకోలేదు. రాయి లేస్తుందో లేదోనని బెంగపడ్డానే గానీ అది ఎక్కడి దాకా పోతుందో ఆలోచించలేదు.

రాత 3

మార్పు తర్వాత మొదటి ఆట.

పాట మొదలవగానే బంగారికి చెప్పాను, "నాను తొయ్యనురా. సచ్చినా తొయ్యను. నువ్వు బయపడకు" అని. మాట ఇచ్చానే గానీ లోపల గుబులే. తోపుదాని చేతులు తోపుదాని మాట వినవు. అల్లుడు ఎదురుగా కనబడితే అవే చాచుకుంటాయి, కాళ్ళు అవే నడుస్తాయి.

పాట రెండో చరణం అందుకుంది. బంగారి ఉండ చుట్టుకున్నాడు. అల్లుడు ఊగి వచ్చి వాలాడు. కళ్ళు మూసుకుందామనుకున్నాను. మాకు రెప్పలు గీయలేదు.

చేతులు చాచుకున్నాయి. కాళ్ళు నడిచాయి. "ఓరి నాయనా, ఆగండే, ఆగండే" అని నా కాళ్ళని నేనే తిట్టుకుంటూ, నా తమ్ముణ్ణి నేనే తోసుకుంటూ పోయాను. వాడు లోపల్నుంచి "అప్పా, అప్పా" అంటున్నాడు. వాడి పెంకు గోతి అంచుకి చేరింది. అప్పుడు అల్లుడు ఎగిరాడు. తొందరపాటు మనిషి ఎవరో ఆడిస్తున్నట్టున్నారు, అంచనా తప్పి బంగారి పెంకు మీద జారి గోతిలో పడ్డాడు. ఏడుపు పాట వచ్చింది. అల్లుడు చస్తే మోగేది అదే. ఆట అయిపోయింది. అందరం మా చోట్లలో లేచాం.

వాడి తప్పు వల్ల బతికాం. అంతకు మించి ఏమీ కాదు.

ఆ తర్వాత బంగారి అన్నాడు, "నీ సేతులు ఇంత సల్లగుంటాయని నాకెప్పుడూ తెల్దప్పా."

రాత 4

ఏం చెయ్యాలో తోచక తోచినవన్నీ చేశాను. పాట మొదలవకముందే కూలబడి చూశాను. పాట వినగానే ఒళ్ళు దానంతటదే లేచి నిలబడింది. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఎవరో భుజాలు పట్టుకుని తిప్పినట్టు తిప్పేసింది. ఆ ఆటల్లో అల్లుడు కిందనే ఎక్కడో చచ్చాడు కాబట్టి సరిపోయింది. వచ్చేవాళ్ళంతా అలా కిందనే చస్తారా? నాకు అంత అదృష్టం ఎప్పుడుంది?

కుదురుగా ఆలోచించడం నాకు రాదు. ఒకదాని మీద ఇంకొకటి భయమే వస్తుంది. వాడు పడితే ఎలా, పడినవాడికి చలేస్తే ఎలా, వాడి తర్వాత ఎవరిని తెస్తారు, నాకు పిచ్చెక్కితే ఎలా. ఆ భయాల మధ్యలోనే ఈ సంగతి తగిలింది. నేను నా ముందున్నదాన్ని తోస్తాను. నా వెనకున్నదాన్ని తొయ్యలేను. బంగారి నా వెనక ఉంటే?

వెనక గోడకీ నాకూ మధ్య వాడు పట్టేంత జాగా ఉంది. అయితే ఈ అరుగు ఇరుకు. పక్కనుంచి దాటడానికి లేదు. వాడు నా వెనక్కి రావాలంటే నా మీదుగా రావాలి. నా తల మీద కాలు పెట్టాలి.

ఈ సంగతి కొత్తగా వచ్చేవాళ్ళకి చెప్పాలి. మెట్టసీమలో ఒకరి తల మీద ఇంకొకరు కాలు పెట్టరు. అల్లుడు పెడతాడు, అది వేరు, వాడు మనవాడు కాదు. మనవాళ్ళ కాలు మన తల మీద పడితే అప్పడమైపోయి మరి లేవరని అంటారు. ఎవరికైనా అలా జరిగిందా అంటే ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టి మరీ భయం. సన్నాసి ఎవరి నెత్తి మీదుగా ఎగిరినా కాళ్ళు పైకి ముడుచుకునే ఎగురుతాడు.

"ఏటప్పా నువ్వంతన్నది!" అన్నాడు బంగారి. "నీ తల మీద కాలెట్టాలా నాను?"

"ఎట్టు."

"నువ్వు లెగకపోతే?"

"లెగుస్తాను."

"నీకెలగ తెలుసు? పండు రాల్తేనే అరుగు కూలిపోతాదని ఏడుస్తావు నువ్వు. ఇప్పుడింత దైర్నమేటి?"

"దైర్నం కాదురా. బయమే. నువ్వు పడతావన్న బయం పెద్దది, నాను లెగననే బయం సిన్నది. అంతే."

"నాకు ఒక కాలు కాదప్పా. ఎన్నున్నాయో సూడు. అన్నీ నీ నెత్తి మీద..." అని ఏడుపు మొదలెట్టాడు.

పక్క గోడ మీది ముళ్ళ పారమ్మ ఇదంతా విన్నది. ఆవిడ ఒళ్ళంతా ముళ్ళే. అల్లుడు కూడా ఆవిడ్ని ముట్టడు, చుట్టూ తిరిగి పోతాడు. ఆ గర్వం ఆవిడకి చాలా ఉంది. తన తల మీద ఎవరి కాలూ పడలేదని వచ్చేపోయే అందరికీ చెబుతుంది.

"ఒలే తవిటీ! సిగ్గు నేదేటే నీకు? తోడబుట్టినోడి సేత నెత్తి తొక్కించుకుంతావా?"

"నెత్తి నాది పారమ్మొదినా. నీకేటి నొప్పి?"

"నీ నెత్తే అయినా పరువు అందరిదీను. ఈయేళ నువ్వు తొక్కించుకుంతే రేపు ఈ గుంటపిల్లలందరూ ఒకల నెత్తి మీద ఒకలు ఊరేగుతారు."

"ఊరేగనీ. గోతిలో పడ్డంకంటే మేలు కదా."

నేనేనా ఆ మాట అన్నది అనిపించింది. పారమ్మ ఎదుట గొంతు ఎత్తింది అదే మొదలు.

రాత 5

పాట మొదలైంది. అల్లుడి అడుగులు కింద వినబడుతున్నాయి. తొందర లేని అడుగులు. ఈ ఆడించే మనిషికి పని తెలుసు. నేను వంగి నిలబడ్డాను.

"ఎక్కరా."

"ఉండప్పా."

"బేగెక్కు, రెండో సరణం వొచ్చీస్తాది."

"అప్పా, ఓ పాలి ఆలోసించు..."

"ఎక్కుతావా, కొట్టమంటావా?"

ఒక కాలు పెట్టాడు. తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. ఇంకో కాలు, ఇంకో కాలు. వాన చినుకులు పడ్డట్టు నా నెత్తి మీద వరసగా పడుతున్నాయి. నేను అప్పడం కాలేదు. అసలు బరువే లేదు. అల్లుడి కాలు పడితే లోకం నల్లబడుతుంది, వీడి కాళ్ళు పడితే గిలిగింత పెట్టింది. భయంలో నవ్వొచ్చింది.

"నవ్వుతున్నావేటప్పా? బతికే ఉన్నావా?"

"ఉన్నానురా. అవతలికి దిగు, దిగు."

వాడు దిగలేదు. సగం ముందుకీ సగం వెనక్కీ ఉండగా రెండో చరణం అందుకుంది. పాట వినగానే వాడి ఒళ్ళు వాడి మాట వినదు కదా. నా నెత్తి మీదే ఉండ చుట్టుకుపోయాడు. నేను బుట్ట మోసే మనిషిలా నిలబడిపోయాను.

అల్లుడు వాలాడు. వాడికీ నాకూ మధ్య ఏమీ లేదు. రాయి లేదు, తమ్ముడు లేడు. ఇంత దగ్గరగా వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. టోపీ మీద ఒక కుట్టు ఊడి ఉంది. పైవాళ్ళు దాన్ని ఎన్నాళ్ళ నుంచి అలాగే వదిలేశారో.

చేతులు చాచుకున్నాయి. ఈసారి నేను వాటిని ఆపమనలేదు. నా కాళ్ళని తిట్టుకోలేదు. 'పదండే' అన్నాను. ఇన్నాళ్ళ బరువు లేదేమో, పరుగెత్తాయి.

వాడు కంగారుపడ్డట్టున్నాడు. పైకెగిరి, అలవాటుగా నా తల మీద తొక్కబోయాడు. అక్కడ నా తల ఎక్కడుంది? బంగారి పెంకు ఉంది. దాని మీద పడి ఠంగున ఎగిరి, తిరిగి వచ్చి, తిన్నగా గోతిలో పడ్డాడు.

ఏడుపు పాట వచ్చింది. నాకు ఆ పాట మీద మొదటిసారి ఇష్టం కలిగింది.

"ఏటయినాది అప్పా? నన్నేటో తన్నీసింది" అన్నాడు బంగారి, లేచాక.

"అల్లుడు తన్నినాడురా. తన్ని గోతిలో పడ్డాడు."

"నాను పడ్డానా మరి?"

"నువ్వు పడితే నీతో ఎలగ మాటాడుతానురా ఎర్రోడా?"

వాడు కాసేపు ఆలోచించి, "అయితే మళ్ళీ ఎక్కుదునా?" అన్నాడు.

రాత 6

అప్పటి నుంచీ పాట మొదలవగానే వాడు ఎక్కుతున్నాడు. ఏ అల్లుడూ మా అరుగు దాటలేదు. మెల్లగా వచ్చేవాళ్ళు, పరుగున వచ్చేవాళ్ళు, నిలబడి తల గోక్కునేవాళ్ళు, అందరూ గోతిలోకే. ఒకాయన ఊరికే నిలబడి, నేను వెళ్ళి నెట్టే దాకా నన్నే చూశాడు. జాలేసింది. అయినా నెట్టాను.

ఇరుగుపొరుగు సంతోషిస్తారనుకున్నాను. ఎవరూ మాట్లాడలేదు. పారమ్మ అందరికీ కబురంపింది, తవిటమ్మ అరుగు వైపు ఎవరూ చూడకూడదని. సన్నాసి కూడా మా పైకప్పు వదిలి అవతల వేలాడుతున్నాడు. పిలిస్తే వినబడనట్టు ఊగుతాడు. వెలి. నాకు నిద్ర లేదు సరే, మాకెలాగూ నిద్ర గీయలేదు, నెమ్మది కూడా లేదు. అందరూ అనేది నిజమైతే? ఇవాళ లేచాను, రేపటి ఆటకి లేవకపోతే? మెడ పక్కన సన్నగా ఒక గీత చేతికి తగులుతోంది. ముందు నుంచీ ఉందా, కొత్తదా? బంగారిని అడిగితే "నాకు కనబడదప్పా, నానెప్పుడూ నీ మీదే ఉంతాను కదా" అంటాడు.

ఈలోగా పలక పడింది. మా ఒక్క అరుగు మీదే.

'ఈ అరుగున లోపము కలదు. తదుపరి మార్పునందు ఈ అరుగు తీసివేయబడును.'

లోపమట. తమ్ముడు అప్ప తల మీద కూర్చుంటే లోపమట.

"సూసినావా!" అని పారమ్మ గొంతు వినబడింది. నాతో మాట్లాడినట్టు కాకుండా గోడతో అన్నట్టు. "సూసినావా, ఏటవుతాదని సెప్పినాను?"

రాత 7

బంగారి చాలాసేపు చుట్టుకునే ఉన్నాడు, పాట లేకపోయినా. తర్వాత విప్పుకుని మెల్లగా అన్నాడు.

"అప్పా. నన్ను తోసీ."

"ఏటి?"

"నాను పడితే లోపం పోతాది. అరుగు నిలబడతాది. నువ్వుంతావు. నీ గోడుంతాది, నీ రాతలుంతాయి."

"ఒరే."

"నిజమప్పా. నాకు కొంచెం బయమే గానీ, కళ్ళు మూసుకుంతాను."

"నీకూ రెప్పల్లేవురా."

"సుట్టుకుంతే నల్లగానే ఉంతాది కదా."

అప్పుడు నాకు కోపం వచ్చింది. నాకు కోపం అంతగా రాదు, భయం ముందే వచ్చి చోటంతా ఆక్రమించుకుంటుంది. ఈసారి కోపమే ముందొచ్చింది.

"సూడు బంగారీ. ఇన్నాళ్ళూ నా సేతులు ఎవులు సెప్పినట్టల్లా తోసినాయి. రాయి ఇస్తే రాయిని తోసినాయి. నిన్నిస్తే నిన్నూ తోసినాయి, అంచు దాకా తోసినాయి. ఇప్పుడు నువ్వు కూడా సెప్తున్నావా తొయ్యమని? అరుగు పోతే పోతాది. నువ్వు ముందు పోయి, నాను ఎనక ఈ అరుగు మీద నిలబడి, కింది నుంచి ఇంకోడినొట్టుకొచ్చి ఎడితే ఆడినీ తోసి... అలగ ఉండాలా నాను? పోతే ఇద్దరం ఒకేపాలి పోదాం. నువ్వు నా నెత్తి మీదే ఉండు."

"పడిపోయినప్పుడు నువ్వు కిందా, నాను పైనా ఉంతాను కదా."

"అప్పుడు సూద్దాంలే."

వాడు నవ్వాడు. నాకు మాత్రం అది నిజంగానే బెంగ పట్టుకుంది. పడేటప్పుడు ఎవరు ముందు పడతారు?

ఆ తర్వాతి ఆటలోనే పై అరుగుల వైపు కేక వినబడింది. వేరే దోవన పోయిన అల్లుడు అక్కడికి చేరాడట. కేక సన్నగా మొదలై, కిందికి వచ్చి, ఆగిపోయింది. అందరం మా చోట్లలో లేచాం. సన్నాసి అటు ఎగిరి వెళ్ళాడు. తిరిగి వచ్చి ఎక్కడా వేలాడకుండా మా అరుగు మీద నేల మీద వాలాడు. గబ్బిలం నేల మీద వాలడం నేను చూసింది అదే మొదలు.

"పై అరుగు తోపోడు రాములప్పడు తోసీసినాడు పిన్నీ" అన్నాడు. "ఆడి ముందు గైరమ్మనెట్టినారు. సుట్టుకునే గైరమ్మ, పాట మొదలవక ముందే సుట్టుకునీది కదా, ఆవిడ. తోసీసినాడు. ఆడు ఆగుదామనుకున్నాడు. ఆగనేకపోనాడు."

"లెగిసిందా?"

"నేదు."

"సరిగ్గా సూసినావా? ఎనక్కి ఎక్కడైనా..."

"పిన్నీ, నేదు. ఆవిడ సోట్లో కింది నుంచి ఎవురినో కొత్తమనిసినెట్టినారు. రాములప్పడు ఆ మనిసి మొగం సూడనేక గోడకేసి తల బాదుకుంతన్నాడు. ఆట ఆణ్ణి తిప్పి తిప్పి నిలబెడతంది."

బంగారి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎన్ని కాళ్ళతో పట్టుకున్నాడో.

"సన్నాసీ," అన్నాను, "ఎల్లి రాములప్పడితో సెప్పు. తల మీద కాలెడితే ఏటీ అవదని సెప్పు. నాను సూసినాను, నాను లెగిసినాను, ఎన్నో పాల్లు లెగిసినాను అని సెప్పు. గిలిగింత పెడతాదని కూడా సెప్పు, నేకపోతే ఆ గిలికి కదిలిపోయి పడీస్తాడు."

"పారమ్మత్త తిడతాది పిన్నీ."

"తిట్టనీ. తిట్టు తగిల్తే గోతిలో పడంలే."

వాడు వెళ్ళాడు. ఈసారి కాళ్ళు ముడుచుకోకుండా, నా నెత్తిని ఒరుసుకుంటూ వెళ్ళాడు.

రాత 8

తదుపరి మార్పు ఎప్పుడో పలక మీద రాయలేదు. రాస్తే బాగుండేది. చెప్పకుండా భయపెట్టడం పైవాళ్ళకి బాగా తెలుసు. వెలుగు కొంచెం తగ్గినా చేత్తో బంగారిని తడుముకుంటున్నాను.

ఇందాక గోడ మీద గీసుకుపోతున్న చప్పుడైంది. పారమ్మ. తన చోటు వదిలి, ముళ్ళు గోడకి రాసుకుంటూ, మెల్లగా మా అరుగు మీదికి దిగింది. ఎదురుగా వచ్చి నిలబడింది. నేను పలకరించలేదు. వెలి వేసింది ఆవిడ, మొదట మాట్లాడాల్సింది ఆవిడే.

చివరికి అంది, "ఆడి కాళ్ళు బరువేటే?"

"నేదొదినా."

"అస్సలు నేదా?"

"సినుకులు పడ్డట్టుంతాది."

పారమ్మ గోతి వైపు చూసింది. "గైరమ్మ నాకు వరసకి మేనకోడలు" అంది. "ఆ రాములప్పడు ఆ కొత్తదాన్ని నెత్తికెక్కించుకున్నాడంట. పై అరుగు మీద ఎవులో ముగ్గురు ఒకల మీద ఒకలు నిలబడ్డారంట. సన్నాసి సెప్పినాడు. పరువంతా గంగలో కలిపీసినారు."

"అవునొదినా."

"నా నెత్తి మీద ఇప్పటిదాకా ఎవుల కాలూ పడనేదు."

"తెలుసొదినా. అందరికీ తెలుసు."

"పడడానికి కూడా నేదు కదే. ఈ ముళ్ళు." ఆవిడ గొంతు నేనెప్పుడూ విననంత చిన్నదైపోయింది. "నన్నెవులెక్కించుకుంతారు? ముళ్ళదాన్ని ఎవులు మోస్తారు?"

ఆవిడ ఇన్నాళ్ళూ గర్వంతో చెప్పుకున్న మాట వెనక ఇది ఉందని నాకు తట్టనే లేదు. బంగారి నా నెత్తి మీద నుంచి తొంగి చూశాడు.

"నా ఈపు పెంకు వొదినా" అన్నాడు. "ముల్లు దిగదు. ఎక్కు."

"నువ్వొద్దులేరా, బయపడతావు."

"నాను ఎలాగూ బయపడతాను. నువ్వెక్కినా, ఎక్కకపోయినా."

అలా ముగ్గురం అయ్యాం. కింద నేను, నా మీద తమ్ముడు, వాడి మీద పారమ్మొదిన. నాకు మెడ నొప్పి పుట్టింది, ఆ గీత ఇంకొంచెం పొడుగైందని అనుమానం. పారమ్మ పైనుంచి "కదలకే, కదలకే" అని ఒకటే కేకలు. మొదటి ఆటలో అల్లుడు తాడు మీద ఊగుతూ వచ్చి, మమ్మల్ని చూసి తాడు వదల్లేదు. అటూ ఇటూ ఊగాడు. ఎక్కడ దిగాలి? ఎవరి మీద కాలు పెట్టాలి? పైన ముళ్ళు, మధ్యన పెంకు, కింద నా చేతులు. సమయం అయిపోయే దాకా ఊగి ఊగి, ఏడుపు పాటతో పోయాడు.

"అల్లుడు సన్నం నేకుండా ఎల్లిపోనాడు!" అని సన్నాసి పైకప్పు మీద నుంచి అరిచాడు. మా పైకప్పుకి తిరిగి వచ్చేశాడు.

"సన్నమేట్రా?" అంది పారమ్మ.

"అన్నం అత్తా. నవ్వొచ్చి నోరు తిరగనేదు."

పారమ్మ ఎంత నవ్విందంటే ముళ్ళు రాలతాయేమోనని నాకు భయమేసింది.

ఇది రాస్తుండగా ఇంకో పలక పడింది. ఈసారి పెద్ద అక్షరాలు. 'ఒకరి పైన ఒకరు నిలుచుట తక్షణము ఆపవలెను. ఆపని అరుగులన్నియు తీసివేయబడును.'

అరుగులన్నియు.

ఆ మాట దగ్గర ఆగి తల ఎత్తి చూశాను. మామూలుగా నేను పైకి చూడను, ఏదో ఒకటి మీద పడుతుందని భయం. పైన ఒక అరుగు మీద రాములప్పడు, వాడి నెత్తి మీద కొత్త మనిషి. దాని పైన ఇంకో అరుగు, అక్కడ ముగ్గురు. ఆ పైన, మరీ పైన, నా చూపు ఆనని చోట కూడా చిన్న చిన్న ఆకారాలు, ఒకరి మీద ఒకరు. కింది అరుగుల మీద కూడా ఎవరెవరో ఒకరి నెత్తి ఒకరు తడుముకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ నేర్చుకుంటున్నారు.

తియ్యండి పైవాళ్ళూ. ఎన్ని తీస్తారు? అన్నీ తీసేస్తే మీ అల్లుడు ఎక్కడ దూకుతాడు? ఒట్టి గోతిలో దూకుతాడా? మమ్మల్ని భయపెట్టి ఏం లాభం? నేను ఎలాగూ భయపడే మనిషినే. భయపడుతూనే వంగి నిలబడ్డాను, భయపడుతూనే మీ అల్లుణ్ణి తోశాను. ఇంకా తోస్తాను. నా తమ్ముణ్ణి మాత్రం తొయ్యను.

పాట మొదలైంది. కింద అడుగులు వినబడుతున్నాయి. బంగారీ, కాళ్ళన్నీ దులుపుకుని ఎక్కరా, నిన్న నా కళ్ళల్లో దుమ్ము పడింది.